ఎంకన్న తర్జుమా

థర్లో పాదిరిగారి ప్రశ్నలు మొత్తం పద్నాలుగు. రోజ్ హిల్‌లో తన బంగళాలో కూర్చుని, నాలుగు వారాలు ఆలోచించి, వాటిని ఎర్ర సిరాతో తెల్లకాగితం మీద రాసుకున్నారు. శనివారం మధ్యాహ్నం ఆ కాగితంతోనూ, ఒక మడతకుర్చీతోనూ లెస్కాలియే దగ్గరి చెరకుతోట కూలీల కాంపులోకి దిగారు. కాగితం ఆయన చేతిలో ఉంది. కుర్చీ ఎంకన్న నెత్తిమీద ఉంది.

ఎంకన్న ఆ తోటలోని చిన్న ప్రార్థన మందిరానికి ఉపదేశి. గంట కొట్టడం, దీపపు సెమ్మెలు తోమడం, పిల్లలకు కీర్తనలు నేర్పడం, నెలకోసారి పాదిరిగారు వచ్చినప్పుడు ఆయన ప్రసంగాన్ని తెలుగు చెయ్యడం అతని పనులు. బాప్తిస్మం రిజిస్టరులో అతని పేరు పియర్ ఎంకన్న. కాంపులో సగం మంది పియర్ అనేవాళ్ళు, సగం మంది ఎంకన్న అనేవాళ్ళు. భార్య మిషెలిన్ మాత్రం కోపాన్నిబట్టి మార్చేది.

పాదిరిగారు ఒక గ్రంథం రాస్తున్నారు. “మానవ మతము: దాని స్వభావము, దాని పుట్టుక” అని దానికి పేరు. వచ్చే నెల తక్కిన పాదిరులందరి ముందూ అందులో మొదటి భాగం చదవాలి. రోజ్ బెల్ స్టేషను నుంచి బండిలో వస్తూ తన సిద్ధాంతమంతా ఎంకన్నకు విప్పి చెప్పారు. మొట్టమొదట మనుషులందరికీ ఒక్క దేవుడే తెలుసు. తరువాత మరిచిపోయారు. మరుపులోంచి భయం పుట్టింది. ఆ భయాన్ని చూసి పూజారులు పుట్టారు. పూజారులు రాళ్ళకు బొట్లు పెట్టారు.

“ఇదంతా పండితులు చెప్పిందే,” అన్నారు పాదిరిగారు. “కాని సాక్ష్యం కావాలి. బతికున్న మనిషి నోటిమాట కావాలి. అర్థమైందా, పియర్?”

“అయిందయ్యగారూ,” అన్నాడు ఎంకన్న. పాదిరిగారికి ఏ జవాబులు కావాలో అతనికి బాగా అర్థమైంది.

కాంపు చివర, మిల్లుకు పోయే బాట పక్కన, నడుమెత్తు నల్లరాయి ఒకటుంది. తెలుగు కూలీలు ఓడలెక్కి వచ్చిన ఆ దీవిలో రాళ్ళకేం కొదవ లేదు. చెరకు నాటాలంటే ముందు రాళ్ళేరి పొలం మధ్యన గుట్టలుగా పొయ్యాలి. ఆ ఒక్క రాయిని మాత్రం ఎవరూ గుట్టకు చేర్చలేదు. దాని నెత్తిన పసుపు ఉంటుంది. పొద్దున పూట ఒక మందారపువ్వు ఉంటుంది. పాదిరిగారు గత నెల దాన్ని చూసినప్పటి నుంచీ నిద్రపోలేదు.

సాక్షులు ఇద్దరు. ఒకరు పాపమ్మ. తోటలో బండ్లు లాగే కంచరగాడిదలకు గడ్డి కోసి వేసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. రాయికి పసుపు రాసేదీ ఆమే. రెండోవాడు వెంకయ్య. శనివారాలు భజన చెప్పే ముసలాయన. పాదిరిగారు రాయి ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పొద్దుటి వానకు నేల నానిపోయి ఉంది. ఆయన కూర్చోగానే కుర్చీ కాళ్ళు బెత్తెడు దిగాయి.

“మొదటి ప్రశ్న. మీరు అందరికంటె ఎక్కువగా దేనికి భయపడతారు?”

ఎంకన్న దాన్ని తెలుగులో అడిగాడు. పాపమ్మ గడ్డిమోపు దింపి, కొడవలి మోపులో గుచ్చి, ఆలోచించింది.

“కూలోళ్ళ మీదుండీ సర్దారుకి,” అంది. “మొన్న గడ్డి తడిసిందని మోపు ఎనక్కి పంపేసినాడు. వోనకి తడవని గడ్డి ఎక్కడుంటాదో నీ పాదిరిని అడుగు.”

“ఏమంటోంది?” అన్నారు పాదిరిగారు.

“కనపడని శక్తులకు భయపడతానంటోందయ్యగారూ.”

పాదిరిగారు పెన్సిలు నాలికకు అద్దుకుని రాసుకున్నారు. రెండో ప్రశ్న పేరేమిటన్నది. అది తేలిగ్గానే జరిగిపోయింది. నాలుగో ప్రశ్న, ఈ రాయిని పూజించమని ఎవరు నేర్పారన్నది.

“ఎవులు నేర్పుతారు?” అంది పాపమ్మ. “నానే మొదలెట్టినాను.”

“పూజారులయ్యగారూ.”

“నేననుకున్నాను,” అన్నారు పాదిరిగారు. ఆయన రాస్తున్నకొద్దీ కుర్చీ దిగుతూనే ఉంది. ఏడో ప్రశ్నకు వచ్చేసరికి ఆయన మోకాళ్ళు గడ్డానికి దగ్గరయ్యాయి. నిలబడ్డ వెంకయ్యను ఆయన మెడ పైకెత్తి చూడాల్సి వచ్చింది. ఆ ఏడోదే అన్నిటిలోకీ ముఖ్యమైన ప్రశ్న. మీ పూర్వులకు అందరికీ పైవాడైన ఒక్కడి జ్ఞాపకం ఏమైనా ఉండేదా?

వెంకయ్యకు ప్రశ్న నచ్చింది. ఆయన్ను పూర్వుల సంగతి అడిగి చాలాకాలమైంది.

“మా తాతా? మా తాతకి ఒక్క ఎద్దు గేపకం. ఒంటెద్దుతో దున్నీవోడు. దాన్ని తలుసుకోని పూట లేదు. అది సచ్చిపోనాక ఆడికి ఇంకేటీ గేపకం లేదు.”

ఎంకన్న ఒక్క క్షణం తటపటాయించాడు. “ఒక్కడి జ్ఞాపకం ఉండేదటయ్యగారూ. తరువాత పోయిందట.”

పాదిరిగారి కళ్ళు చెమర్చాయి. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశారు.

ఎంకన్న అబద్ధాలకోరేమీ కాడు. ఉపదేశి అయిన కొత్తలో అన్నీ ఉన్నదున్నట్టే తెలుగు చేసేవాడు, ఉన్నదున్నట్టే తిరిగి అప్పజెప్పేవాడు. అప్పటి పాదిరిగారు ఒక ఆదివారం ప్రసంగం ఎలా ఉందో వెంకయ్యను అడగమన్నారు. “మంచిదే, సగం సాలు,” అన్నాడు వెంకయ్య. ఎంకన్న ఆ మాటే చెప్పాడు. ఆ పాదిరిగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్జుమా అంటే వడ్డన లాంటిదని ఆ రోజున ఎంకన్నకు తెలిసింది. కూర్చున్నవాడికి ఏది అరుగుతుందో చూసి పెట్టాలి.

పద్నాలుగో ప్రశ్న వచ్చేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఎంకన్నకు ఆకలిగా ఉంది. ఈ రాయిని ఇక్కడి నుంచి తీసేస్తే మీకు ఎలా ఉంటుంది?

పాపమ్మ మోపు ఎత్తుకోబోయి ఆగింది. “దాన్నెందుకు తీస్తారు? ఎవులు తీస్తారు?”

“భారం దిగినట్టు హాయిగా ఉంటుందంటోందయ్యగారూ,” అన్నాడు ఎంకన్న. ఇద్దరు మనుషుల సాయంతో పాదిరిగారిని కుర్చీలోంచీ, కుర్చీని నేలలోంచీ పైకి లాగాడు.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక పాదిరిగారికి తోట పెద్దదొర ముస్యే మార్సెల్ ఇంట్లో భోజనం. రాత్రంతా కూర్చుని చిత్తుప్రతి రాసేశారు. దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళారు. ఎంకన్న గొడుగు పట్టుకుని వెంట వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. కిటికీ రెక్కల సందులోంచి బల్ల కనిపిస్తోంది. పాదిరిగారు చదువుతుంటే ముస్యే మార్సెల్ మొదట మర్యాదకు విన్నాడు. తరువాత మర్యాదకు ఆవలించాడు. చివరి పేజీ దగ్గర మాత్రం చేతిలో చెంచా కింద పెట్టాడు.

“ఇది ఆ గడ్డి కోసే ముసలామే అందా? రాయి తీసేస్తే హాయిగా ఉంటుందని?”

“నా ఎదుటే,” అన్నారు పాదిరిగారు.

“మీరు మీ చేత్తోనే రాశారా?”

“అక్షరం అక్షరం.”

“ఈ పేజీ నాకు ఒక్క వారం ఇస్తారా?”

పాదిరిగారు పొంగిపోయారు. ఆ దీవిలో చక్కెర తప్ప మరో మాట వినని మనిషికి మతం పుట్టుక మీద ఆసక్తి కలిగించానని దారి పొడుగునా చెప్పుకున్నారు. ఎంకన్నకూ లోలోపల గర్వంగానే ఉంది. తను అల్లిన మాట పెద్దబంగళాలో వెండి చెంచాల పక్కన కూర్చుంది.

ఇంటికి వచ్చి ఆ సంగతి మిషెలిన్‌కు చెప్పాడు. ఆమె పొయ్యిమీద ఉప్పుచేపల రుగాయ్ కలుపుతోంది. టమాటాలు ఉడుకుతున్న వాసన ఇల్లంతా ఉంది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. దీవి భాష క్రియోల్‌లోనే అడిగింది.

“పూజారి నేర్పాడని పాపమ్మ చెప్పిందా?”

“అలాగే అర్థం వచ్చింది.”

“ఈ కాంపులో పూజారి ఎవరు? నేను పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్కణ్ణీ చూడలేదు.”

“రుగాయ్‌లో ఉప్పు తక్కువైంది,” అన్నాడు ఎంకన్న.

“ఉప్పుచేపల్లో ఉప్పు తక్కువవదు, పియర్,” అంది మిషెలిన్. ఆమె పియర్ అన్న రోజు జాగ్రత్తగా ఉండాలి.

సోమవారం పొద్దున ఎంకన్న మందిరం మెట్టుమీద కూర్చుని, ఇత్తడి సెమ్మెను చింతపండుతో తోముతున్నాడు. పాపమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో మోపు లేదు, కొడవలీ లేదు. మోపు లేకుండా ఆమెను చూడడం అతనికి కొత్తగా ఉంది. మనిషి సగమై కనిపించింది.

“ఒరే ఎంకా. మిల్లు కాడికి ట్రాలీ పట్టాలేస్తన్నారంట. సున్నంతో గీత గీసుకుంటా వొచ్చినారు. గీత నా రాయి మీదికి వొచ్చి ఆగింది. బుదోరం గునపాలెట్టి లేపేస్తారంట.”

“పెద్దోళ్ళ పనక్కా. మనవేటి సేస్తాం?”

“నానూ అదే అనుకున్నాను. సర్దారు శివరాం అన్నాడు, ముస్యే కాడ కాయితం ఉందంట. రాయి తీసేస్తే ఆయిగా ఉంటాదని పాపమ్మే సెప్పింది, పాదిరి రాసుకున్నాడు అని అందులో ఉందంట.” ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. “నానెప్పుడన్నాన్రా?”

ఎంకన్న సెమ్మెను ఇంకా గట్టిగా తోమాడు. “తర్జుమా అంటే అక్కా, కొంచెం అటూ ఇటూ అవుతాది.”

“నాను ఎవులు తీస్తారని అడిగినాను. అది ఆయిగా ఉంటాదని ఎట్టయింది?”

ఆమె గొంతులో కోపం లేదు. ఉతికిన రవిక ఎందుకు పొట్టిదైందని చాకలిని అడిగినట్టు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. కోపమైతే ఎంకన్న ఎలాగో తట్టుకునేవాడు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఇద్దరూ. అతనికప్పుడు పదేళ్ళు. వాంతులు చేసుకుంటుంటే తల పట్టుకున్నది ఆమే.

“అది నీకు దేవుడే కావొచ్చు గానీ అక్కా, ఎంతైనా రాయి కదా,” అన్నాడు నేల చూస్తూ.

“రాయి కాకపోతే మరేటి? రాయిని దేవుడనుకునీ అంత పిచ్చిదాన్నా నాను?”

“మరి పసుపెందుకు?”

పాపమ్మ అతన్ని కాసేపు చూసింది. “ఇరవై ఏళ్ళుగా ఎదురెదురు ఇళ్ళల్లో ఉన్నాం. నువ్వు ఇప్పుడడిగినావు. పాదిరి పద్నాలుగు అడిగినాడు, ఆయనా అదడగలేదు,” అంది. జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఆమె గడ్డిచేను వైపు వెళ్ళలేదు. రాయి దగ్గరకు వెళ్ళి దాన్ని ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి తక్కిన గడ్డి ఆడవాళ్ళు తొమ్మిదిమందీ కొడవళ్ళు పక్కన పెట్టి ఆమె చుట్టూ చేరారు.

ఆ పూట ఎంకన్నకు అన్నం దిగలేదు. నిజం చెబితే ఉపదేశి పని పోతుంది. పని పోతే మిషన్ ఇచ్చిన రెండు గదుల ఇల్లు పోతుంది. ఆ కాంపులో పలకల నేల ఉన్న ఇల్లు అదొక్కటే.

“మనం మట్టినేల మీద పుట్టినవాళ్ళమే,” అంది మిషెలిన్ అతని కంచం తీసేస్తూ. “లేచి వెళ్ళు, ఎంకన్నా.”

పాదిరిగారు మందిరం వెనక గదిలో బస. ఎంకన్న వెళ్ళేసరికి సాయంకాలపు ఎండ బల్లమీద పడుతోంది. ఆయన చిత్తుప్రతిని శుభ్రమైన కాగితాల మీదికి ఎక్కిస్తున్నారు.

“మంచి సమయానికి వచ్చావు. ఏడో జవాబు. ఆ వృద్ధుడి మాటలు సరిగ్గా ఎలా ఉన్నాయో మళ్ళీ చెప్పు. ఒక్కడి జ్ఞాపకం ఉండేది, తరువాత...”

“ఎద్దయ్యగారూ.”

“ఏమిటి?”

“ఆయన చెప్పింది ఎద్దు సంగతి. వాళ్ళ తాతకు ఒక్క ఎద్దు ఉండేదట. అది చచ్చిపోయిందట.”

పాదిరిగారు కలం సిరాబుడ్డిలో పెట్టారు. ఎంకన్న మొదటి నుంచి మొదలుపెట్టాడు. కనపడని శక్తులంటే సర్దారు. పూజారులంటే ఎవరూ లేరు. పదో ప్రశ్నలో పాపభారం అన్నది మోకాళ్ళ నొప్పి. పదమూడో ప్రశ్నలో పరలోకం మీద ఆశ అన్నది, రోజ్ బెల్ సంతకు వెళ్ళాలని వెంకయ్యకున్న కోరిక. ఒక్కొక్కటి చెబుతుంటే పాదిరిగారు ఒక్కొక్కటి కొట్టేస్తూ వచ్చారు. చివరకు కొట్టివేత లేకుండా మిగిలింది రెండో జవాబు ఒక్కటే. అందులో “పాపమ్మ, వెంకయ్య” అని ఉంది.

“వీళ్ళ పేర్లు ఇవేనా?” అన్నారు పాదిరిగారు.

“ఇవేనయ్యగారూ.”

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. తరువాత, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగినట్టు, మెల్లగా అడిగారు. “నీ సాక్ష్యం, పియర్. నీకు జ్వరం వచ్చినప్పుడు కలలో గొప్ప వెలుగు కనిపించిందని. నేను దాన్ని ఇంగ్లండుకు రాసి పంపాను. అక్కడ అచ్చు వేశారు.”

ఎంకన్న కాళ్ళవైపు చూసుకున్నాడు. ఇంత దూరం వచ్చాక ఇక దాచి లాభం లేదు.

“వెలుగు లేదయ్యగారూ. గంజి ఉంది.”

“గంజా?”

“తోట ఆసుపత్రిలో పడున్నాను. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. జీనెట్ అని అక్కడ ఊడ్చే ముసలి క్రియోల్ ఆవిడ. అడగందే గంజి తెచ్చి చెంచాతో పోసేది. నీకెందుకమ్మా అంటే, బొన్‌జ్యే పంపాడు, నోరు తెరు అనేది. మూడు రోజులు పోసింది. నాలుగో రోజు లేచి, ఆవిణ్ణి పంపిన దేవుడెవరో కనుక్కుందామని మందిరానికి వచ్చాను.” అతను గొంతు సవరించుకున్నాడు. “అప్పటి పాదిరిగారు వెలుగులాంటిది ఏమైనా కనిపించిందా అని మూడుసార్లు అడిగారు. మూడోసారి కనిపించిందన్నాను. గంజి అని రాయించడానికి నాకూ మొహమాటమేసింది.”

బయట ఎక్కడో కంచరగాడిదలు అరుస్తున్నాయి. ఆ రోజు వాటికి మేత పడలేదు.

“అంటే గంజి ముందు వచ్చింది,” అన్నారు పాదిరిగారు. “దేవుడెవరన్న ప్రశ్న తరువాత వచ్చింది.”

“గంజే ముందయ్యగారూ.”

“భయం?”

“భయం ఎందుకుంటుంది? ఆకలి ఉండేది.”

పాదిరిగారు కొట్టివేతలతో నల్లబడ్డ కాగితం అంచున ఏదో రెండు ముక్కలు రాసుకున్నారు. ఎంకన్న ఉద్యోగం ఊసు ఆయన ఎత్తలేదు. “రేపు పొద్దున్నే ముస్యే మార్సెల్ దగ్గరకు వెళ్ళాలి. గొడుగు అక్కర్లేదు,” అన్నారు.

మంగళవారం పొద్దుటికి కంచరగాడిదల గోల పెద్దబంగళా దాకా వినిపిస్తోంది. ముస్యే మార్సెల్ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒక కంచరగాడిద కొట్టం తడిక తినేసిందని శివరాం వచ్చి చెప్పి వెళ్ళాడు. రెండోది శివరాం టోపీ తిన్నదన్న సంగతి అతని ఉత్త నెత్తి చూస్తేనే తెలిసింది.

“నేను రాసిన పేజీ వెనక్కి కావాలి,” అన్నారు పాదిరిగారు. “అందులో ఉన్నది నిజం కాదు.”

“మీ చేత్తోనే రాశానన్నారు.”

“ఆ చెయ్యి తప్పు రాసింది. ఆ మాట పాపమ్మ అనలేదు.”

“మరెవరన్నారు?”

పాదిరిగారు ఎంకన్న వైపు తిరగలేదు. “నాకు ఏది వినాలని ఉందో అది విన్నాను. దాన్నే రాశాను. ఆ పేజీ చూపించి మీరు ఎవరి రాయీ తీయించకూడదు. తీయిస్తే, నేను అబద్ధం రాశానని నేనే కాంపులో నిలబడి చెప్పాల్సి వస్తుంది.”

కొట్టం వైపు నుంచి ఏదో విరిగిన చప్పుడైంది. ముస్యే మార్సెల్ కళ్ళు మూసుకుని తెరిచాడు. ఆడవాళ్ళకు లొంగాడంటే పక్కతోటల్లో నవ్వుతారు. పాదిరి కోరితే కాదనలేకపోయాడంటే అది మర్యాద. ఆ తేడా అతని ముఖంలో నెమ్మదిగా తేలడం ఎంకన్న చూశాడు.

“మీ కోసమే, ఫాదర్,” అన్నాడు ముస్యే. “పట్టాలు ఆ రాయి పక్కనుంచి వంపు తిప్పుతారు. ఇక ఆమెను దయచేసి గడ్డి కొయ్యమనండి.” జేబులోంచి పేజీ తీసి ఇచ్చేశాడు.

బుధవారం మధ్యాహ్నం పాదిరిగారు మళ్ళీ రాయి దగ్గరకు వచ్చారు. పట్టాలు వేసేవాళ్ళు నలుగురు రాయికి ఆరడుగుల దూరంలో వంపు తిప్పుతూ మేకులు కొడుతున్నారు. పాపమ్మ రాయి పక్కన రెండు మోపులు దింపి, అలుపు తీర్చుకుంటోంది. రెండు రోజుల బాకీ మేత ఒక్క రోజులో కొయ్యాల్సి వచ్చింది.

“ఇది ఎలా మొదలైందో చెప్పమను,” అన్నారు పాదిరిగారు. “నువ్వు ఒక్క మాట కూడా మార్చకు.”

“మార్చనయ్యగారూ,” అన్నాడు ఎంకన్న. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత కష్టమైన పని అతనికి తగల్లేదు.

పాపమ్మ చెప్పింది. ఆమె ఒక ముక్క చెప్పి ఆగేది, ఎంకన్న ఆ ముక్క అప్పజెప్పేవాడు.

“తొంబై రెండో ఏడు గాలివానకి ఇల్లెగిరిపోనాది. మూణ్ణెల్ల పిల్ల కన్నమ్మని కొంగులో కట్టుకుని ఈ రాయి ఎనకాల పడున్నాను. సీకటి పడీదాకా. గాలి నెత్తి మీంచి పోనాది. లేచి సూస్తే ఇద్దరం ఉన్నాం. అప్పుడు ఎవులికో ఒకరికి సెప్పుకోవాలి కదా. ఎవులికి సెప్పుకోవాలో తెలీలేదు. వూరికే లేచిపోడం మరియాద కాదు కదా.”

“తరువాత?” అన్నారు పాదిరిగారు.

“పువ్వెడదావంటే దేశంలో పువ్వు లేదు. సెట్టుకి ఆకే లేదు. కొంగులో బిస్కట్టు ముక్కుంటే అదెట్టినాను.”

“రాయికా?”

“రాయికెందుకు? రాయి తింటాదా? రాయి కాడ ఎట్టినాను. సాయం జరిగింది ఇక్కడే కదా. సేసినోడు మళ్ళీ ఈ దారిన వొస్తే ఆడికి కనపడతాదని.”

ఎంకన్న ఆ మాట చెప్పాడు. చెప్పాక తనే మళ్ళీ ఒకసారి లోపల చెప్పుకున్నాడు. పాదిరిగారి పెన్సిలు కదలలేదు.

“వచ్చాడా?”

“పొద్దున్నకి బిస్కట్టు లేదు,” అంది పాపమ్మ. “ఎలక తినుంటాది. నాకు తెలుసు. అయినా ఆకలిగున్న పేణం ఏదో తిన్నాది కదా. అప్పట్నించీ ఎడతన్నాను.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని పాదిరిగారి వైపు తిరిగింది. “ఆయన శానా అడిగినాడు. నాను ఒకటడగొచ్చా?”

పాదిరిగారు తల ఊపారు.

“ఈయనకి ఎట్టా వొచ్చినాడు దేవుడు?”

పాదిరిగారు వెంటనే జవాబు మొదలుపెట్టారు. మా తాతగారు పాదిరి అన్నారు. మా నాన్నగారు పాదిరి అన్నారు. ఎంకన్న రెండూ చెప్పాడు. పాపమ్మ వింటూ, ఇంకా ఉందేమోనని ఎదురుచూసింది. పట్టాల మీద సమ్మెట దెబ్బలు నాలుగు పడ్డాయి.

“అంతేనా?”

“నేను పుట్టేసరికే ఇంట్లో ఉన్నాడు,” అన్నారు పాదిరిగారు. ఆ మాట అన్నాక ఆయనకే అదోలా అనిపించినట్టుంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

పాపమ్మ నాలిక చప్పరించింది. “అయ్యో పాపం. అయితే ఈయనకి ఇంకా రాలేదన్నమాట. దిగులెట్టుకోవొద్దని సెప్పు. ఇంకా వొయసుంది.”

ఎంకన్న నోరు తెరిచాడు. నాలిక చివర మర్యాదైన మాటలు ఎన్నో వరుసకట్టాయి. మీకు దీర్ఘాయుష్షు కలగాలంటోంది. మీ వంశం గొప్పదంటోంది. ఏది చెప్పినా పాదిరిగారు సంతోషంగా మూడున్నర రైలుబండికి వెళ్ళిపోతారు.

“మీకు ఇంకా రాలేదంటోందయ్యగారూ,” అన్నాడు. “దిగులు పెట్టుకోవద్దంటోంది. వయసుందట.”

పాదిరిగారి చెవులు ఎర్రబడ్డాయి. తరువాత ఎర్రదనం మెల్లగా తగ్గింది. “గాలివాన వచ్చినప్పుడు ఆమె వయసెంతో అడుగు,” అన్నారు.

“ముప్పై ఎనిమిది,” అంది పాపమ్మ.

“నాకు యాభై ఒకటి.”

ఎంకన్న ఆ సంఖ్య చెప్పాడు. పాపమ్మ పాదిరిగారిని తల నుంచి బూట్ల దాకా ఒకసారి చూసింది. గడ్డిమోపును పక్కకు జరిపి, రాయికి ఆనుకోవడానికి ఒక మనిషికి చోటు చేసింది.

“కూకోమను,” అంది.

ఎంకన్న తర్జుమా చేసేలోపే పాదిరిగారు కూర్చున్నారు.